డయోడ్ మాడకుండా, చవకగా, ఓపెన్ సోర్స్ లేజర్ డ్రైవర్ బోర్డు: సర్క్యూట్ నుంచి 20 బోర్డుల బ్యాచ్ దాకా

మొన్నొక తమ్ముడు మెసేజ్ పెట్టాడు, అన్నా లేజర్ వెలుగుతోంది గానీ గోడ మీద చుక్క పడట్లేదు, లెన్స్ పాడైందా అని. ఫొటో చూడగానే అర్థమైపోయింది. లెన్స్ ఏం కాలేదు, లేజర్ పుట్టించే డయోడే పోయింది. బతికున్న ఎర్ర లేజర్ చుక్కని గోడ మీద దగ్గర్నుంచి గమనిస్తే (గోడ మీద పడింది మాత్రమే, సూటిగా డయోడ్ వైపు చూడొద్దు) దాంట్లో ఇసుక పోసినట్టు సన్నటి గరుకు మెరుపు కనిపిస్తది, తల కదిపితే ఆ రేణువులు కూడా కదులుతాయి. చచ్చిన డయోడ్‌లో అది ఉండదు, నీరసంగా, చెదిరిపోయినట్టు ఎర్రగా వెలుగుతది అంతే, ఐదు రూపాయల ఎల్ఈడీకి దానికి తేడా ఉండదు. ఏం చేశావురా అని అడిగితే, ముందు డ్రైవర్ బోర్డుకి (డయోడ్‌కి కరెంట్ ఇచ్చే బోర్డు) పవర్ ఇచ్చి, మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూసుకుని, అంతా ఓకే అనుకున్నాక డయోడ్ వైర్లు తగిలించాడంట. జాగ్రత్తగానే చేశాననుకున్నాడు పాపం, డయోడ్‌ని చంపింది ఆ జాగ్రత్తే.

ఈ పోస్ట్ అందుకే. చవక బోర్డు అంటే చాలామంది విడిభాగాల్లో రూపాయి రూపాయి మిగల్చడం అనుకుంటారు, కానీ ఇక్కడ ఖరీదైన ముక్క బోర్డు కాదు, దాని చివర తగిలించే డయోడ్. వంద రూపాయల బోర్డు రెండు డయోడ్లు మింగితే అది చవక ఎట్లా అవుతది. కాబట్టి మనం చేసే బోర్డులో ప్రతి చోటా ఒకటే ప్రశ్న వేసుకుంటూ పోదాం, ఇక్కడ వైర్ ఊడితే, టంకం సరిగ్గా పట్టకపోతే, డయోడ్ బతుకుతుందా చస్తుందా.

ముందు డయోడ్ సంగతి. లేజర్ డయోడ్‌కి ఒక గడప కరెంట్ ఉంటది, థ్రెషోల్డ్ అంటారు, చిన్న 5 మిల్లీవాట్ల 650 నానోమీటర్ల ఎర్ర డయోడ్‌లో అది సుమారు 15-20 మిల్లీఆంప్స్ దగ్గర. అక్కడి దాకా అది ఉత్త ఎల్ఈడీ, దాటిందంటే లేజర్. దాటాక కరెంట్ కొంచెం పెంచితే చాలు వెలుగు బాగా పెరుగుతది, ఆ వెలుగంతా డయోడ్ చివరన ఉండే అద్దంలాంటి అంచులోంచి, మైక్రాన్లలో ఉండే జాగాలోంచి బయటికి రావాలి. లిమిట్ దాటితే ఆ అంచే కాలిపోతది. దీనికి సెకండ్లు అక్కర్లేదు, కంటికి కనపడనంత చిన్న స్పైక్ చాలు. పైగా వోల్టేజ్ కొంచెం పెరిగితే కరెంట్ అమాంతం ఎగబాకుతది, వేడెక్కితే అదే వోల్టేజ్‌కి ఇంకా ఎక్కువ లాగుతది. అందుకే వోల్టేజ్ ఇచ్చి నడపడం కుదరదు, కరెంట్‌ని పట్టి ఉంచాలి.

కళ్ళ గురించి ఇప్పుడే చెప్పేస్తా, తర్వాత మళ్ళీ చెప్పను. మనం డిజైన్ చేసేది 5 మిల్లీవాట్ల లోపు ఎర్ర డయోడ్‌కి, అంటే క్లాస్ 3ఆర్, అది కూడా కంట్లోకి సూటిగా పడకూడదు. 5 నుంచి 500 మిల్లీవాట్ల దాకా 3బీ, ఆపైన క్లాస్ 4, అక్కడ గోడ మీద చుక్కని చూడటం కూడా ప్రమాదమే. 808 నానోమీటర్ల లాంటి ఇన్‌ఫ్రారెడ్ డయోడ్లు ఇంకా దొంగవి, కనపడవు కాబట్టి రెప్ప కూడా పడదు. గాగుల్స్ కొంటే మీ తరంగదైర్ఘ్యానికి ఓడీ 4 లేదా ఆపైన అని రాసి ఉన్నవే కొనండి, ఓడీ 4 అంటే వెలుతురు పదివేలలో ఒక వంతుకి తగ్గుతుందని. కూలింగ్ గ్లాసులు పనికిరావు. మొదటి బోర్డు ఎర్ర డయోడ్‌తోనే చేయమని చెప్పేది ఇందుకే, డబ్బు కోసం మాత్రమే కాదు.

సరే సర్క్యూట్. పాతకాలం పద్ధతి ఎల్ఎం317 అనే రెగ్యులేటర్ ఐసీ, అందరికీ తెలిసిందే, అవుట్‌పుట్‌కి అడ్జస్ట్‌కి మధ్య ఒక రెసిస్టర్ పెడితే 1.25 వోల్ట్‌లని ఆ రెసిస్టర్‌తో భాగిస్తే వచ్చేదే కరెంట్. 10 ఓమ్‌లు పెడితే 125 మిల్లీఆంప్స్, 43 ఓమ్‌లు పెడితే 29. పనిచేస్తది, తప్పులేదు, నేను కూడా దాంతోనే మొదలుపెట్టా. కానీ ఆ 1.25 కాకుండా ఐసీకి ఇంకో 2 వోల్ట్‌లు దాకా కావాలి, డయోడ్‌కి 2.2, మొత్తం కలిపితే యూఎస్‌బీ 5 వోల్ట్‌లు చాలవు, 9 వోల్ట్‌ల అడాప్టర్ వెతుక్కోవాలి. ఆన్ ఆఫ్ కంట్రోల్ కూడా సరిగ్గా ఉండదు. నాకు ఇంట్లో ప్రతి మూలా దొరికే ఫోన్ చార్జర్ మీద నడవాలి, అదీ పట్టుదల.

అందుకని ఓప్ ఆంప్ (రెండు వోల్టేజ్‌లని పోల్చే ఐసీ), మాస్‌ఫెట్ (కరెంట్‌ని కుళాయిలా తెరిచి మూసే ట్రాన్సిస్టర్, ముద్దుగా ఫెట్), సెన్స్ రెసిస్టర్ (కరెంట్‌ని కొలిచే రెసిస్టర్). ఈ మూడింటి కలయిక కొత్తదేం కాదు. 1993లో లిబ్రెక్ట్, హాల్ అనే ఇద్దరు ఫిజిక్స్ వాళ్ళు లేజర్ ల్యాబ్‌ల కోసం తక్కువ నాయిస్ ఉన్న కరెంట్ కంట్రోలర్ డిజైన్ ఒకటి పేపర్‌లో అచ్చేశారు, ఇప్పటికీ ప్రపంచంలో చాలా ల్యాబ్‌లు దాన్నే మార్చుకుంటూ కట్టుకుంటున్నాయి. ఆ హాల్‌కే 2005లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. వాళ్ళకి కావాల్సిన నాయిస్ లెక్కలు మనకి అక్కర్లేదు, మూల సూత్రం మాత్రం అదే: డయోడ్‌లోంచి పోయే కరెంట్‌ని ఒక రెసిస్టర్ మీద వోల్టేజ్‌గా కొలువు, మనకి కావాల్సిన వోల్టేజ్‌తో పోల్చు, తేడా ఉంటే ఫెట్‌ని సర్దు.

ఇప్పుడు విలువలు, పక్కన కాగితం పెట్టుకుని గీసుకుంటూ చదవండి. 5 వోల్ట్‌ల నుంచి 1 కిలోఓమ్ ద్వారా టీఎల్431 అనే రెఫరెన్స్ ఐసీ, రెఫరెన్స్ కాలు కాథోడ్‌కి కలిపేస్తే అక్కడ 2.5 వోల్ట్‌లు నిలబడతాయి. దీనికి కనీసం 1 మిల్లీఆంప్ కావాలి, మన 1 కిలోఓమ్ 2.5 ఇస్తది కాబట్టి సమస్య లేదు. ఆ 2.5 నుంచి 68 కిలోఓమ్, దాని కింద 10 కిలోఓమ్ మల్టీటర్న్ పాట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్), దాని అడుగు కాలు గ్రౌండ్‌కి. లెక్క వేస్తే పాట్ పూర్తిగా తిప్పినా మధ్య కాలు మీద 0.32 వోల్ట్‌లు దాటదు. సెన్స్ రెసిస్టర్ 10 ఓమ్‌లు, కాబట్టి కరెంట్ 32 మిల్లీఆంప్స్ దాటదు. పిల్లలు పాట్ చివరిదాకా తిప్పినా 32 దాటదు, ఇది ముఖ్యం. మీ డయోడ్ డేటాషీట్‌లో ఇంకా తక్కువ రాసుంటే ఆ 68 ని పెంచండి, పాట్‌ని నమ్ముకోవద్దు.

పాట్ పై కాలు నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఇది సాఫ్ట్ స్టార్ట్, పవర్ పడగానే రెఫరెన్స్ ఒక్కసారి దూకకుండా సుమారు సెకండ్‌లో పదో వంతు టైంలో మెల్లగా లేస్తది. ఈ కెపాసిటర్‌ని టీఎల్431 కాథోడ్ మీద నేరుగా పెట్టకండి, కొన్ని కెపాసిటెన్స్ విలువలకి ఆ ఐసీ ఊగిపోతది, డేటాషీట్‌లో దానికి ప్రత్యేకంగా గ్రాఫే ఉంటది, నేను చదవకుండా పెట్టి రెండు రోజులు తల పట్టుకున్నా.

పాట్ మధ్య కాలు నుంచి 1 కిలోఓమ్ ద్వారా మన ఓప్ ఆంప్ ఎల్ఎం358 ప్లస్ ఇన్‌పుట్‌కి. ఆ ఇన్‌పుట్ దగ్గర గ్రౌండ్‌కి 100 కిలోఓమ్, 100 నానోఫారడ్ కూడా. ఓప్ ఆంప్ అవుట్‌పుట్ నుంచి 100 ఓమ్‌లు, అక్కడ్నుంచి మన మాస్‌ఫెట్ ఏఓ3400 గేట్, గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్. సోర్స్ కింద 10 ఓమ్ సెన్స్, దాని పై కొస నుంచి 1 కిలోఓమ్ ద్వారా మైనస్ ఇన్‌పుట్‌కి, అవుట్‌పుట్‌కి మైనస్‌కి మధ్య 1 నానోఫారడ్, ఇది లూప్ ఊగకుండా. డ్రెయిన్ పైన లేజర్ డయోడ్ కాథోడ్, దాని ఆనోడ్ ఒక 56 ఓమ్ రెసిస్టర్ ద్వారా 5 వోల్ట్‌లకి. ఎల్ఎం358లో మిగిలిన రెండో సగాన్ని గాల్లో వదలకండి, ప్లస్ గ్రౌండ్‌కి, మైనస్ అవుట్‌పుట్‌కి కలిపేయండి.

ఆ 56 ఓమ్‌లే ఈ బోర్డు ప్రాణం. ఎందుకో చూడండి. డయోడ్ లేకుండా పవర్ ఇచ్చామనుకోండి, సెన్స్ మీద వోల్టేజ్ రాదు, ఓప్ ఆంప్ అబ్బే చాలట్లేదు చాలట్లేదు అనుకుంటూ గేట్‌ని పూర్తిగా పైకి తోసేస్తది. ఫెట్ బార్లా తెరుచుకుని కూర్చుంటది. ఆ స్థితిలో మీరు డయోడ్ తగిలించారంటే ఓప్ ఆంప్ తేరుకుని గేట్‌ని దించేలోపు (ఎల్ఎం358 అసలే నిదానం) ఆపేవాడు లేడు, సప్లయ్ మొత్తం డయోడ్ నెత్తిన. మా తమ్ముడి కథ ఇదే. 56 ఓమ్‌లు ఉంటే మాత్రం ఫెట్ పూర్తిగా తెరుచుకున్నా 5 లోంచి 2.2 తీసేస్తే 2.8 వోల్ట్‌లు, దాన్ని 56 ప్లస్ 10 తో భాగిస్తే 42 మిల్లీఆంప్స్ అంతే. సెన్స్ రెసిస్టర్ మీద టంకం జారి షార్ట్ అయినా 50. డయోడ్‌కి నచ్చదు గానీ వందల మిల్లీఆంప్స్ కంటే వెయ్యి రెట్లు నయం, క్షణకాలం అయితే చాలాసార్లు బతికి బయటపడతది. మరి మామూలుగా నడిచేటప్పుడు దీనివల్ల ఇబ్బంది లేదా అంటే, 30 మిల్లీఆంప్స్ దగ్గర 56 మీద 1.7, సెన్స్ మీద 0.3, డయోడ్ 2.2, మొత్తం 4.2, ఫెట్‌కి ఇంకా 0.8 వోల్ట్‌లు మిగులుతున్నాయి, హాయిగా నడుస్తది. వేడి కూడా ఆ రెసిస్టరే పంచుకుంటది. మార్కెట్‌లో దొరికే చవక లేజర్ మాడ్యూల్స్ విప్పి చూస్తే చాలాసార్లు లోపల ఒక్క రెసిస్టరే ఉంటది, అందరూ నవ్వుతారు, కానీ అవి ఏళ్ళ తరబడి బతకడానికి కారణం కూడా ఆ రెసిస్టరే.

ఆ 100 కిలోఓమ్ సంగతి కూడా చెప్పాలి, దీనికి నేను ఒక డయోడ్ బలిచ్చా కాబట్టి. మొదటి వెర్షన్‌లో అది లేదు. పాట్ పాతది, తిప్పుతుంటే మధ్య కాలు ఒక్క క్షణం కాంటాక్ట్ వదిలేసింది. గాల్లో ఉన్న ఇన్‌పుట్ సున్నాకి పోతుందిలే అనుకుంటాం కదా, ఎల్ఎం358లో అట్లా కాదు, దాని ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు పీఎన్పీ, బయాస్ కరెంట్ పిన్‌లోంచి బయటికి వస్తది, అంటే వదిలేస్తే ఇన్‌పుట్ దానంతట అదే పైకి పాకుతది. ఇన్‌పుట్ పైకి పోయిందంటే కరెంట్ ఫుల్లు. ఒక్క టక్కుమన్న శబ్దం కూడా లేదు, గోడ మీద చుక్క అలా మసకబారిపోయింది. 100 కిలోఓమ్ పెడితే పాట్ ఊడినా ఇన్‌పుట్ కిందకి దిగి లేజర్ ఆగిపోతది. అదే గుణం మైనస్ ఇన్‌పుట్ వైపు మనకి కలిసొస్తది, ఫీడ్‌బ్యాక్ దారి తెగితే మైనస్ పైకి పాకి అవుట్‌పుట్ సున్నాకి పోతది.

గేట్ దగ్గర 10 కిలోఓమ్ కూడా ఊరికే పెట్టలేదు. ఎల్ఎం358 తన అవుట్‌పుట్‌ని పూర్తిగా గ్రౌండ్‌కి లాగడంలో బలహీనం, ఏఓ3400 ఏమో 0.65 వోల్ట్‌లకే తెరుచుకోవడం మొదలెట్టొచ్చు, ఆ రెసిస్టర్ కిందకి లాగి పెడితే ఆఫ్ అంటే నిజంగా ఆఫ్.

ఎనేబుల్ (లేజర్‌ని ఆన్ ఆఫ్ చేసే దారి) కోసం ప్లస్ ఇన్‌పుట్‌కి గ్రౌండ్‌కి మధ్య ఒక చిన్న మాస్‌ఫెట్ 2ఎన్7002, దాని గేట్‌కి 5 వోల్ట్‌ల నుంచి 10 కిలోఓమ్ పుల్అప్. ఏమీ తగిలించకపోతే అది ఆన్‌లో ఉండి లేజర్‌ని ఆఫ్‌లో పెడతది, లేజర్ వెలగాలంటే ఆ గేట్‌ని గ్రౌండ్‌కి కలపాలి, స్విచ్ ద్వారానో డబ్బా మూతకి పెట్టిన ఇంటర్‌లాక్ ద్వారానో. తలకిందులుగా ఉందేంటి అనిపించొచ్చు, కానీ వైర్ ఊడితే లేజర్ ఆగాలి, వెలగకూడదు. నేను ఒకసారి కొన్న ఎన్‌గ్రేవర్ మాడ్యూల్‌లో ఇదే రివర్స్, సిగ్నల్ వైర్ ఊడితే ఫుల్ పవర్‌లో వెలిగేది, బల్ల మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఇంకోటి, ఈ బోర్డుని పీడబ్ల్యూఎంతో (చకచకా ఆన్ ఆఫ్ చేసే పద్ధతి) వేగంగా ఆడించాలనుకుంటే ఆశ పెట్టుకోకండి, కొన్ని వందల హెర్ట్జ్ దాకా ఓకే, ఆ తర్వాత ఎల్ఎం358 ఆయాసపడతది.

డయోడ్ కాళ్ళ మీద మూడు ముక్కలు, కనెక్టర్ పక్కనే: ఉల్టా వోల్టేజ్ రాకుండా 1ఎన్5819 డయోడ్ తిరగేసి, 100 నానోఫారడ్, 10 కిలోఓమ్. కెపాసిటర్ పెద్దది పెడితే ఇంకా మంచిది కదా అని 100 మైక్రోఫారడ్ పెట్టేవాళ్ళున్నారు, వద్దు. డయోడ్ లేనప్పుడు అది నిండి కూర్చుంటది, మీరు డయోడ్ తగిలించగానే నిల్వ ఉన్నదంతా ఒక్కసారి కక్కేస్తది, కరెంట్ కంట్రోల్ దాన్ని ఏం చేయలేదు ఎందుకంటే అది కంట్రోల్‌కి అవతల ఉంది.

బాడీ సంగతి మర్చిపోయేవాడిని. మన సర్క్యూట్‌లో ఫెట్ కింద వైపు ఉంది, డయోడ్ పైన. చాలా డయోడ్లలో లోహపు డబ్బా దాని కాళ్ళలో ఒకదానికి లోపలే కలిసి ఉంటది, మోడల్‌ని బట్టి ఆనోడో కాథోడో, మీటర్‌తో చూసుకోవాల్సిందే. కాథోడ్‌కి కలిసున్న డయోడ్‌ని తీసుకెళ్ళి గ్రౌండ్ అయి ఉన్న అల్యూమినియం హీట్‌సింక్‌లో దిగ్గొట్టారంటే ఫెట్‌ని సెన్స్‌ని దాటేసి కరెంట్ అడ్డదారిలో పోతది. మన ఎర్ర డయోడ్‌ని 56 ఓమ్‌లు కాపాడతాయి, పెద్ద డయోడ్‌ని కాపాడేవాడు లేడు. కాప్టన్ టేప్ చుట్టండి లేదా ప్లాస్టిక్ హోల్డర్ వాడండి. చవక ఇత్తడి మాడ్యూల్స్‌లో ఎక్కువ భాగం బాడీ ప్లస్‌కి ఉంటది, అది కూడా గుర్తుంచుకోండి.

బోర్డు గీయడం కైక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో. ఫ్రీ, ఫైళ్ళు ఎవరైనా తెరుచుకోవచ్చు, ఓపెన్ సోర్స్ అని చెప్పి డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్‌లో గీసి పెడితే ఎవడికి ఉపయోగం. రెండు లేయర్లు, 1.6 మిల్లీమీటర్లు, మామూలు రాగి మందం చాలు. నా సైజు 30 బై 40 మిల్లీమీటర్లు. అడుగు మొత్తం గ్రౌండ్. సెన్స్ రెసిస్టర్ దగ్గర మాత్రం శ్రద్ధ పెట్టండి, ఫీడ్‌బ్యాక్ గీత ఆ రెసిస్టర్ ప్యాడ్ లోపలి అంచు నుంచే బయల్దేరాలి, కరెంట్ పోయే దారి మధ్యలోంచి కాదు, అట్లాగే పాట్ గ్రౌండ్ కూడా సెన్స్ అడుగు ప్యాడ్ దగ్గరే కలవాలి. 30 మిల్లీఆంప్స్‌కి తేడా కనపడదు నిజమే, కానీ రేపు ఎవరో ఇదే బోర్డుని 1 ఆంప్‌కి మార్చుకుంటారు, వాళ్ళకి చెడు అలవాటు మనం నేర్పినట్టు అవుతది. అన్నీ 0805 అనే సైజు ముక్కలే, చేత్తో టంకం పెట్టొచ్చు, అమ్మ కళ్ళజోడు అరువు తెచ్చుకోకుండా. యూఎస్‌బీ సీ కనెక్టర్ పెడితే రెండు సీసీ పిన్నులకీ చెరో 5.1 కిలోఓమ్ గ్రౌండ్‌కి వేయండి, ఒకటే రెసిస్టర్‌తో రెండిటినీ కలపొద్దు, మర్చిపోతే రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో చార్జర్ అసలు 5 వోల్ట్‌లే ఇవ్వదు, బోర్డు పాడైందనుకుని విప్పుతూ కూర్చుంటారు. టెస్ట్ పాయింట్లు కనీసం నాలుగు: 5 వోల్ట్, 2.5 రెఫరెన్స్, సెన్స్, గ్రౌండ్.

కొనడం. నేనైతే హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి పోతా, పది మందికి పనికొచ్చే బోర్డు అయితే ఆ గల్లీలో దొరికే ముక్కలతోనే కట్టగలగాలి అన్నది నా రూల్. చెన్నై వాళ్ళకి రిచీ స్ట్రీట్, బెంగళూరు వాళ్ళకి ఎస్పీ రోడ్. అన్నా ఏఓ3400 ఉందా అంటే లేదు తమ్మీ ఐఆర్ఎఫ్‌జెడ్44 ఉంది ఇదే పెద్దది తీస్కో అంటారు. పెద్దదే, కానీ దాని గేట్‌కి 2 నుంచి 4 వోల్ట్‌లు దాటితేనే తెరుచుకోవడం మొదలవుతది, మన ఎల్ఎం358 ఏమో 5 వోల్ట్‌ల మీద 3.5 కంటే ఎక్కువ ఇవ్వలేదు, ఒక పీస్ నడుస్తది ఇంకో పీస్ నడవదు. మధ్యలో ఎల్ అక్షరం ఉన్న ఐఆర్ఎల్‌జెడ్44 అడగండి, అది లాజిక్ లెవెల్. బీఓఎంలో (విడిభాగాల పట్టికలో) ఇట్లాంటి ప్రత్యామ్నాయాలు ప్రతి ముక్కకీ ఒకటి రాసి పెట్టండి, ఏవి పనికిరావో కూడా రాయండి, రెండోదే ఎక్కువ ఉపయోగం. ఎల్ఎం358 ఆఫ్‌సెట్ (పోల్చడంలో దాని తప్పు) 7 మిల్లీవోల్ట్‌ల దాకా ఉండొచ్చు, 10 ఓమ్‌ల మీద అది 0.7 మిల్లీఆంప్, మనం 10 ఓమ్‌ల పెద్ద సెన్స్ పెట్టుకుంది దీనికోసమే. 1 ఓమ్ పెట్టుంటే 7 మిల్లీఆంప్స్ తేడా, ఎర్ర డయోడ్‌కి అది చావుబతుకుల తేడా. ఖరీదైన ఓప్ ఆంప్ కొనడం కంటే రెసిస్టర్ మార్చడం చవక.

పీసీబీ (ముక్కలు ఎక్కించే ఖాళీ బోర్డు) కి చైనా ఫ్యాబ్‌లు, అంటే బోర్డులు తయారుచేసే కంపెనీలు, 100 బై 100 మిల్లీమీటర్ల లోపు ఐదు బోర్డులకి ఊరించే రేట్లు పెడతాయి, కానీ షిప్పింగ్, కస్టమ్స్ కలిపి చూస్తే పిల్ల కంటే పెట్టె బరువు. ఒకటి రెండు బోర్డులైతే దేశంలో ఫ్యాబ్‌లే మేలు, లేదా నలుగురు కలిసి ఆర్డర్ పెట్టండి. 100 బై 100 జాగాలో నా సైజు ఆరు బోర్డులు పడతాయి, మధ్యలో వీ కట్ (విరిచేందుకు గాడి) కోసం లైన్ వేయించి ప్యానెల్ చేస్తే ఐదు ప్యానెల్స్‌కి 30 బోర్డులు. అయితే కొన్ని ఫ్యాబ్‌లు ప్యానెల్‌కి వేరే చార్జ్ వేస్తాయి, ఆర్డర్ నొక్కే ముందు చూసుకోండి. హైదరాబాద్‌లో రాయదుర్గం వైపు ఉండేవాళ్ళకి టీవర్క్స్ అనే ప్రోటోటైప్ సెంటర్ కూడా ఉంది, 2023 మార్చిలో తెరిచారు, ప్రోటోటైప్ మిషన్లు ఉంటాయి, ఒకసారి పోయి కనుక్కోండి.

ఇప్పుడు టెస్టింగ్, దయచేసి ఇది స్కిప్ చేయకండి. డయోడ్ బదులు డమ్మీ లోడ్ కట్టుకోవాలి: మూడు 1ఎన్4007 వరసగా, వాటితో 1 ఓమ్ రెసిస్టర్. మూడు డయోడ్లు కలిపి 30 మిల్లీఆంప్స్ దగ్గర సుమారు 2.2 వోల్ట్‌లు, అచ్చం ఎర్ర లేజర్ లాగే ఉంటది బోర్డుకి. 1 ఓమ్ మీద మీటర్ పెడితే ఎన్ని మిల్లీవోల్ట్‌లో అన్ని మిల్లీఆంప్స్, లెక్క కూడా అక్కర్లేదు. పవర్ ఇవ్వకముందే సెన్స్ రెసిస్టర్ మీద ఓమ్‌లు కొలవండి, 10 రావాలి. ఎనేబుల్‌ని గ్రౌండ్‌కి కలిపి, పాట్ సున్నాకి తిప్పి పవర్ ఇవ్వండి, 0 నుంచి 1 మధ్య రావాలి. మెల్లగా పూర్తిగా తిప్పండి, 29 దగ్గర ఆగాలి (ఆ 100 కిలోఓమ్ కొంచెం కిందకి లాగుతది కాబట్టి 32 దాకా పోదు). తర్వాత 25 దగ్గర పెట్టి పవర్ ప్లగ్ పదిసార్లు పీకి పెట్టండి, వీలుంటే 1 ఓమ్ మీద స్కోప్ (వోల్టేజ్‌ని గీతగా చూపించే ఆసిలోస్కోప్) పెట్టి చూడండి, చవకలో దొరికే డీఎస్ఓ138 లాంటి చిన్న స్కోప్ అయినా సరే, దాని బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్ మాత్రమే కాబట్టి సన్నటి స్పైక్‌లు కనపడవు గానీ సాఫ్ట్ స్టార్ట్ కొండెక్కినట్టు నున్నగా లేస్తోందా లేదా తెలుస్తది. చివరగా బోర్డు నడుస్తుండగా ఎనేబుల్ వైర్ పీకండి, కరెంట్ పడిపోవాలి.

అన్నీ పాసైతే డయోడ్. పవర్ తీసేయండి, నిమిషం ఆగండి, అవుట్‌పుట్ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్‌తో కలపండి. డయోడ్ కాళ్ళని వైర్ నుంచి తీసిన సన్నటి రాగి పోగుతో చుట్టి షార్ట్ చేసి ఉంచండి, టంకం అయ్యేదాకా ఆ పోగు తీయొద్దు, ఒంట్లో ఉండే స్టాటిక్ చాలు డయోడ్‌కి. ఐరన్‌కి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్ ఉండాలి. కనెక్ట్ అయ్యాక పోగు తీసి, పాట్ సున్నాలో పెట్టి, అప్పుడు పవర్. మెల్లగా తిప్పుతూ పొండి, 15 దాటాక ఎక్కడో ఒక చోట ఆ నీరసపు ఎరుపు ఒక్కసారిగా చుక్కగా మారి గోడ మీద ఇసుక మెరుస్తది, అదే మీ డయోడ్ థ్రెషోల్డ్, రాసుకోండి. అక్కడ్నుంచి డేటాషీట్‌లో రాసిన ఆపరేటింగ్ కరెంట్‌కి ఓ పది శాతం తక్కువలో ఆపేయండి. కంటికి తేడా తెలియదు, ఆయుష్షు మాత్రం పెరుగుతది.

20 బోర్డులు చేసేటప్పుడు సోల్డర్ పేస్ట్ స్టెన్సిల్ (పేస్ట్ సరైన చోట్లే పూయడానికి కంతల రేకు) కూడా ఆర్డర్ చేయండి. చేత్తో ఒక్కో బోర్డుకి నాకు నలభై నిమిషాలు పట్టేది, స్టెన్సిల్, హాట్‌ప్లేట్‌తో ఆరు బోర్డుల ప్యానెల్ మొత్తం దాదాపు అదే టైంలో అయిపోయింది. 63/37 టిన్ లెడ్ పేస్ట్ 183 డిగ్రీలకే కరుగుతది, లెడ్ ఫ్రీ అయితే 217 దాటాలి, ఇంట్లో చేసేవాళ్ళకి మొదటిది తేలిక, కానీ లెడ్ కాబట్టి కిటికీ తెరిచి, అయ్యాక చేతులు కడుక్కోండి, వంటింట్లో పెనం మాత్రం వాడొద్దు, వాడితే దాన్ని మళ్ళీ దోశలకి వాడొద్దు. పాట్, కనెక్టర్లు చివర్లో చేత్తో. ప్రతి బోర్డు మీదా మార్కర్‌తో నంబర్ వేసి, సున్నా దగ్గర కరెంట్, ఫుల్ దగ్గర కరెంట్, రెఫరెన్స్ వోల్టేజ్ మూడూ ఒక షీట్‌లో రాయండి. ఇరవైలో ఒకటి ఫుల్ దగ్గర 34 చూపించిందనుకోండి, చేతికి వచ్చిన పాట్ 10 కాదు 12 కిలోఓమ్ దగ్గర ఉందని అక్కడే పట్టేయొచ్చు.

1 ఆంప్ నీలం డయోడ్‌కి ఇదే బోర్డు పెంచొచ్చా అని తప్పకుండా అడుగుతారు. పెంచొచ్చు, కానీ 56 ఓమ్ కవచం అక్కడ ఉండదు, 1 ఆంప్‌కి అది 56 వాట్ల హీటర్. 450 నానోమీటర్ల డయోడ్‌కి సుమారు 4.5 వోల్ట్‌లు, 12 వోల్ట్‌ల అడాప్టర్ పెడితే ఫెట్ మీద 7 వాట్లు పైన తగలబడతది, కాబట్టి ముందు ఒక బక్ కన్వర్టర్‌తో 6 వోల్ట్‌లకి దించి తర్వాత ఈ సర్క్యూట్, సెన్స్ 0.22 ఓమ్, అందులోనూ ఆఫ్‌సెట్ తక్కువ ఉన్న ఓప్ ఆంప్. పీటీ4115 లాంటి ఎల్ఈడీ డ్రైవర్ ఐసీతో చేసేస్తే అయిపోద్ది కదా అంటారు, ఎల్ఈడీకి ఆ రిపుల్ (కరెంట్‌లో వచ్చే అలలు) లెక్కలేదు, లేజర్‌కి ప్రతి రిపుల్ శిఖరం కూడా లెక్కే. నా మాట వింటే ఎర్ర బోర్డు పది నెలలు వాడాక ఆలోచించండి.

ఫైళ్ళు పెట్టేటప్పుడు గర్బర్ (ఫ్యాబ్‌కి పంపే ఫైలు) ఒక్కటే పడేసి ఓపెన్ సోర్స్ అనకండి. కైక్యాడ్ ప్రాజెక్ట్, స్కీమాటిక్ పీడీఎఫ్, బీఓఎం, పైన చెప్పిన టెస్ట్ షీట్, నాలుగూ ఉండాలి. లైసెన్స్ లేకపోతే చట్టం లెక్కలో అది ఎవరూ ముట్టుకోకూడనిదే, కాబట్టి సెర్న్ (యూరప్‌లో ఉన్న ఫిజిక్స్ పరిశోధన సంస్థ) వాళ్ళ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ వెర్షన్ 2 తీసుకోండి, 2020లో వచ్చింది, మూడు రకాలు. ఎస్ రకం అయితే మార్చి పంచేవాళ్ళు తమ మార్పులు కూడా బయటపెట్టాలి, పీ రకం అయితే ఎవరేం చేసుకున్నా అడ్డులేదు, డబ్ల్యూ మధ్యరకం. నేను ఎస్ పెట్టా, ఎందుకంటే ఎవరైనా ఆ 56 ఓమ్‌లు పీకేసి అమ్మితే కనీసం పీకేశారని స్కీమాటిక్‌లో కనపడాలి.

వెర్షన్ నంబర్ సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీద అచ్చయ్యే రాతలు) మీద వేయండి. బోర్డు వెనక వైపు ఖాళీ ఉంటది కదా, నా తాజా వెర్షన్‌లో అక్కడ తెలుగులోనే రాశా, కైక్యాడ్ 7 నుంచి మన ఫాంట్ పెట్టుకోవచ్చు, అక్షరం ఎత్తు 2 మిల్లీమీటర్ల పైన ఉంచితేనే వొత్తులు ముద్దవకుండా వచ్చాయి. రెండే లైన్లు పట్టాయి: ముందు డయోడ్ తగిలించు, తర్వాతే కరెంట్ ఇవ్వు. మొదటి బోర్డు మా తమ్ముడికే పంపించా.